సోల్డరింగ్ బల్ల దగ్గర: గిటార్ యాంప్ ఇంట్లోనే చేద్దామనుకునేవాళ్ళ ఉత్తరాలు

పోయిన నెల ఈ పేజీలో వాల్వ్ యాంప్ (పాతకాలం గాజు వాల్వులతో నడిచే గిటార్ యాంప్లిఫయర్, ట్యూబ్ అన్నా వాల్వు అన్నా ఒకటే) సంగతి ఓ నాలుగు ముక్కలు రాశాను, అంతే, గుంటూరు నుంచీ బెజవాడ నుంచీ ఉత్తరాలు, వాట్సాప్ మెసేజీలు వచ్చి పడ్డాయి. సగం మంది అడిగింది ఒకటే, ఏ కంపెనీ వాల్వు కొనమంటారు అని. అన్నిటికన్నా చివర్లో అడగాల్సిన ప్రశ్న అది, ఎందుకో చదువుతుంటే మీకే తెలుస్తుంది. నేను రేడియో మెకానిక్‌ని కాబట్టి రెసిస్టర్‌ని రెసిస్టెన్స్ అనీ, కెపాసిటర్‌ని కండెన్సర్ అనీ అంటాను, ఇంజనీరింగ్ పిల్లలు సర్దుకుపోవాలి.

ప్ర: గురువుగారూ, నేను బీటెక్ మూడో సంవత్సరం, గిటార్ వాయిస్తాను. ఇప్పటిదాకా ఐదు వోల్టుల బోర్డులు, ఎల్ఈడీలు తప్ప వేరే ఏమీ చెయ్యలేదు. చిన్న ట్యూబ్ యాంప్ ఒకటి సొంతంగా చేద్దామని ఉంది. ఏ సర్క్యూట్‌తో మొదలెట్టాలి, సామాను మన బెజవాడలో దొరుకుతుందా?
— ఓ ఇంజనీరింగ్ కుర్రాడు, పటమట

జ: బాబూ, మొదటిది కాబట్టి పెద్దవాటి జోలికి పోవద్దు. అమెరికాలో ఫెండర్ కంపెనీ 1950ల్లో ఛాంప్ అని ఓ బుల్లి యాంప్ అమ్మింది, దాంట్లో 5ఎఫ్1 అనే సర్క్యూట్ ఉంది, ఇప్పటికీ మొదటిసారి చేసేవాళ్ళు చాలామంది దాంతోనే చెయ్యి తిప్పుకుంటారు. ఎందుకంటే దాంట్లో ఉన్నవి మూడే వాల్వులు, ముందు 12ఏఎక్స్7, తర్వాత 6వీ6, కరెంటుని డీసీ చెయ్యడానికి 5వై3. ఒకే ఒక్క వాల్యూమ్ నాబ్, బాస్ లేదు, ట్రెబుల్ లేదు, ఓ ఐదు వాట్లు. తప్పు జరిగినా వెతకాల్సిన చోట్లు తక్కువ, అదీ దాని గొప్ప.

సిగ్నల్ ఎట్టా పోతుందో ముందు బుర్రలోకి ఎక్కించుకో. గిటార్ పికప్ (తీగల కదలికని సిగ్నల్‌గా మార్చేది) ఇచ్చేది వోల్టులో చిన్న ముక్క. 12ఏఎక్స్7 గాజు బుడ్డి ఒకటే గానీ లోపల ఇద్దరున్నారు, మొదటివాడు దాన్ని ఓ 60 రెట్లు పెంచి వాల్యూమ్ పాట్‌కి (నాబ్ కింద ఉండే భాగానికి) ఇస్తాడు, పాట్ తగ్గించి ఇచ్చినదాన్ని రెండోవాడు మళ్ళీ పెంచి 6వీ6కి తోస్తాడు, 6వీ6 దగ్గర వోల్టులు ఎక్కువ ఆంపియర్లు తక్కువ కాబట్టి అది నేరుగా స్పీకర్‌ని ఆడించలేదు, మధ్యలో అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండి బండికి గేరు లాగా మార్చి ఇస్తుంది. అంతే కథ. ఇది అర్థమయ్యాకే సోల్డరింగ్ ఐరన్ ప్లగ్గులో పెట్టు.

ఇప్పుడు సామాను. రెసిస్టెన్సులు, 450 వోల్టుల కండెన్సర్లు, పాట్, జాక్, ఫ్యూజ్ హోల్డర్ గవర్నర్‌పేటలో తిరిగితే దొరుకుతాయి. వాల్వ్ బేసులు ఇక్కడ దొరక్కపోతే హైదరాబాద్ కోఠి వైపో, చెన్నై రిచీ స్ట్రీటో, బెంగళూరు ఎస్పీ రోడ్డో చూడాలి, లేదంటే ఆన్‌లైనే. చాసిస్‌కి, అంటే సామానంతా బిగించే రేకు డబ్బాకి, అల్యూమినియం రేకు ఆటోనగర్ తీసుకెళ్ళి కొలతలు గీసిన కాగితం ఇస్తే టీ తాగేలోపు వంచి, బొక్కలు కొట్టి ఇస్తారు. ఇంట్లో డ్రిల్లుతో పెద్ద బొక్కలు వెయ్యబోకు, రేకు తిరిగి వేళ్ళు కోసుకుంటాయి, నాకు ఎడమ చేతి మీద ఇంకా మచ్చ ఉంది.

అమెరికా నుంచి కిట్ తెప్పిస్తే ఒక్క సంగతి చూస్కో. అక్కడ కరెంటు 120 వోల్టులు, 60 సైకిల్స్ (హెర్ట్జ్). మనది 230, 50 సైకిల్స్. 120 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ని మన ప్లగ్గులో పెడితే ఒక్క పొగ, అయిపోయింది. వోల్టులు తగ్గించే స్టెప్ డౌన్ పెట్టుకుంటాలే అంటావేమో, 60 సైకిల్స్‌కే కొలిచి చుట్టింది 50 మీద ఊరికే వేడెక్కుతుంది. 230 వోల్టులు, 50 సైకిల్స్ అని రాసి ఉంటేనే కొను.

నన్నడిగితే ట్రాన్స్‌ఫార్మర్లు రెండూ ఇక్కడే చుట్టించుకో. మన వైండింగ్ షాపులవాళ్ళకి స్టెబిలైజర్లు, మోటార్లు అలవాటు, మెయిన్స్ (ఇంటి కరెంటు) ట్రాన్స్‌ఫార్మర్ వాళ్ళకి మంచినీళ్ళ ప్రాయం. 230 వోల్టుల ప్రైమరీ (కరెంటు లోపలికి వచ్చే చుట్టు), 250-0-250 సెకండరీ (బయటికి ఇచ్చే చుట్టు) 80 మిల్లీ ఆంపియర్లకి, 6.3 వోల్టులు 2 ఆంపియర్లకి, వార్నిష్‌లో ముంచి ఇవ్వమను. 5వై3 పెడతానంటే దానికి విడిగా 5 వోల్టులు 2 ఆంపియర్ల వైండింగ్ కావాలి. మొదటిసారికి ఆ వాల్వు మోజు పక్కన పెట్టి రెండు 1ఎన్4007 డయోడ్లు పెట్టుకున్నా ఏమీ కాదు, లోడు మీద 330 వోల్టుల చుట్టుపక్కల డీసీ వస్తుంది.

అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర మాత్రం షాపులో నిలబడి చెప్పి చేయించుకోవాలి. 6వీ6 డేటాషీట్‌లో 250 వోల్టుల దగ్గర 5000 ఓమ్స్ లోడు, నాలుగున్నర వాట్లు అని ఉంటుంది. మన స్పీకర్ 8 ఓమ్స్. 5000ని 8తో భాగిస్తే 625, దాని వర్గమూలం 25. అంటే ప్రైమరీ చుట్లు సెకండరీకి 25 రెట్లు, అంగుళం చదరం కోర్ మీద 2500 చుట్లకి 100 చుట్లు అట్టా. ఇంతవరకూ వాళ్ళు చేసేస్తారు. అసలు చిక్కు ఎక్కడంటే, అలవాటు కొద్దీ 'ఈ' (E) ఆకారం రేకులూ 'ఐ' (I) ఆకారం రేకులూ ఒకటి ఇటు ఒకటి అటు పేర్చేస్తారు, మెయిన్స్‌కి అదే కరెక్ట్, మనకి కాదు. మన సర్క్యూట్‌లో ఒక్క 6వీ6 మాత్రమే ఉంది కాబట్టి ఓ 40 మిల్లీ ఆంపియర్ల డీసీ ఎప్పుడూ ఒకే వైపు పారుతూ కోర్‌ని అయస్కాంతం చేసి పడేస్తుంది, ఇంక సిగ్నల్‌కి చోటెక్కడిది, బాస్ మొత్తం సన్నబడిపోతుంది. అందుకని ఈలన్నీ ఒక వైపు, ఐలన్నీ ఇంకో వైపు పెట్టి, మధ్యలో నోటు పుస్తకం కాగితం ఒకటి ఇరికించి బిగించాలి. అంతే, ఆ కాగితమే నీ యాంప్ గొంతు. నా మొదటి యాంప్‌కి ఇది తెలియక మూడు వాల్వులు మార్చాను, బాస్ రాకపోతే వాల్వు పాతదని అనుకుని.

మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు నేరుగా ప్లగ్గులో పెట్టకు. ఎలక్ట్రీషియన్లు వాడే సీరీస్ బోర్డు ఉంటుంది కదా, దాంట్లో 60 వాట్ల పాత ఫిలమెంట్ బల్బు పెట్టి దాని గుండా ఇవ్వు, ఎల్ఈడీ బల్బు పనికిరాదు. ముందు వాల్వులేమీ లేకుండా. బల్బు ఒక్కసారి వెలిగి మెల్లగా ఆరిపోతే కండెన్సర్లు నిండాయని అర్థం, వెలుగుతూనే ఉంటే ఎక్కడో షార్ట్, ఆపేసి వెతుక్కో. అది దాటాక వాల్వులు పెట్టి మళ్ళీ అదే బల్బు మీద, ఆ తర్వాతే సొంతంగా. ఫ్యూజు అర ఆంపియర్ స్లో బ్లో చాలు, మొత్తం తాగేదే 30, 35 వాట్లు. ఇంకోటి, స్పీకర్ తగిలించకుండా యాంప్ ఎప్పుడూ ఆన్ చెయ్యకు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్లో వోల్టులు ఎగతన్ని ఇన్సులేషన్ చిరిగిపోతుంది, అంత కష్టపడి చుట్టించుకున్నది.

ప్ర: అంకుల్, మా తాతగారి వాల్వ్ రేడియో ఒకటి అటక మీద ఉంది. దాంట్లో ఎలాగూ వాల్వులూ, స్పీకరూ ఉన్నాయి కదా, వెనక గ్రామఫోన్ పిన్నులో గిటార్ పెడితే యాంప్ అయిపోతుందని మా ఫ్రెండ్ అంటున్నాడు. నిజమేనా?
— డిగ్రీ విద్యార్థిని, బ్రాడీపేట

జ: అమ్మాయ్, ముందు ఆ రేడియో ప్లగ్గులో పెట్టకు. ఇంకా పెట్టలేదని అనుకుంటున్నాను.

తాతగారు దాంట్లో విజయవాడ స్టేషన్ విని ఉంటారు, 1948 డిసెంబర్ 1న మొదలైన స్టేషన్ అది, ఆ రోజుల్లో రేడియో ఉన్న ఇల్లంటే వీధి మొత్తానికి ఇల్లే. ఆ మాట అట్టా ఉంచు. వెనక అట్ట తీసి వాల్వుల మీద పేర్లు చదువు, చెరిగిపోతే నోటితో ఆవిరి ఊదితే ఒక్కోసారి కనిపిస్తాయి. ఈసీహెచ్81, ఈబీఎఫ్89, ఈఎల్84 అని 'ఈ' (E) అక్షరంతో మొదలైతే అవి 6.3 వోల్టుల వాల్వులు, లోపల పెద్ద మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండే అవకాశం ఎక్కువ. యూసీహెచ్81, యూబీఎఫ్89, యూఎల్84, యూవై85 అని 'యూ' (U)తో మొదలైతే మాత్రం ఆగిపో. ఆ యూ అంటే ఫిలమెంట్లన్నీ 100 మిల్లీ ఆంపియర్ల మీద దీపావళి సీరియల్ బల్బుల్లాగా వరసగా కట్టి మెయిన్స్‌కే తగిలించారని. 19, 19, 45, 38 కలిపితే 121 వోల్టులు, మిగతా వంద చిల్లర వోల్టులు ఓ లావుపాటి రెసిస్టెన్స్ మీద వేడిగా తగలేస్తారు. ట్రాన్స్‌ఫార్మర్ ఖర్చు తగ్గించడానికి చేసిన పని అది. మరి చాసిస్? అది నేరుగా మెయిన్స్ వైర్లలో ఒకదానికి కలిపి ఉంటుంది. ప్లగ్గు అటు తిప్పి పెడితే చాసిస్ మీద 230 వోల్టులు.

రేడియోకి అది సరిపోయింది ఎందుకంటే చుట్టూ చెక్క పెట్టె, ప్లాస్టిక్ నాబులు, ఎవరి చెయ్యీ లోపలి ఇనుముకి తగలదు. గిటార్ అట్టా కాదు. గిటార్ తీగలు జాక్ ద్వారా చాసిస్‌కే కలిపి ఉంటాయి, నువ్వు తీగలు పట్టుకున్నావంటే చాసిస్ పట్టుకున్నట్టే. మీ ఫ్రెండ్‌కి ఈ పేరా చదివి వినిపించు.

'ఈ' (E) అక్షరం సెట్ అయినా నమ్మి ఊరుకోకు. ప్లగ్గు తీసేసి, రేడియో స్విచ్ ఆన్‌లో ఉంచి, మీటర్ ఓమ్స్‌లో పెట్టి ప్లగ్గు పిన్నుల్లో ఒక్కోదానికీ చాసిస్‌కీ మధ్య చూడాలి, రెండిట్లోనూ అసలేమీ చూపించకూడదు. చూపించలేదనుకో, అప్పుడు కూడా అన్నేళ్ళు అటక మీద ఉన్న కాగితం కండెన్సర్లు కారిపోయి ఉంటాయి, అవన్నీ మార్చకుండా కరెంటు ఇస్తే ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది. నా మాట విని ఆ రేడియోని రేడియోగానే తెలిసినవాళ్ళతో బాగు చేయించు, యాంప్ కొత్త సామానుతో చేసుకుందువుగాని. తాతగారి వస్తువు కోసి యాంప్ చేసినవాళ్ళని చూశాను, తర్వాత యాంపూ మిగల్లేదు, రేడియో అసలే లేదు.

ప్ర: సార్, ఐదు వాట్లు అంటే మా ఇంట్లో మిక్సీ చప్పుడుకి కూడా వినపడదేమో. 50 వాట్లది చేస్తే?
— తాడేపల్లి

జ: మిక్సీ సంగతేమో గానీ పక్కింటివాళ్ళు వచ్చి తలుపు కొడతారు, చూస్కోండి. వాట్లు చూసి మోసపోవద్దు, స్పీకర్ చూడండి. కారు స్పీకరో, హోమ్ థియేటర్ స్పీకరో ఒక వాటుకి మీటరు దూరంలో 87, 88 డెసిబెల్స్ ఇస్తుంది, అసలైన గిటార్ స్పీకర్ 97, 98 దాకా ఇస్తుంది. ఆ పది డెసిబెల్స్ తేడా పవర్ లెక్కలో పది రెట్లు. అంటే కారు స్పీకర్ పెట్టిన 50 వాట్ల యాంపూ, గిటార్ స్పీకర్ పెట్టిన ఐదు వాట్ల యాంపూ దాదాపు ఒకే చప్పుడు చేస్తాయి. వాల్వుల మీద పెట్టే డబ్బులు స్పీకర్ మీద పెట్టండి. ఎనిమిది అంగుళాలది పెట్టి, చెక్క పెట్టె కాస్త పెద్దది చేస్తే ఇంకా బాగుంటుంది.

ప్ర: నమస్తే అండీ. నేను ఫిజిక్స్ లెక్చరర్‌ని, సెలవుల్లో మా తమ్ముడి కోసం 5ఎఫ్1 చేశాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి గానీ స్పీకర్ నుంచి వెనక్కి వచ్చే 22 కె (22 వేల ఓమ్స్) రెసిస్టెన్స్ తగిలించగానే కుక్కర్ విజిల్ లాగా కేక పెడుతోంది. అది తీసేస్తే బాగానే మోగుతోంది. తీసేసి వాడుకోవచ్చా?
— లక్ష్మీపురం, గుంటూరు

జ: మేడమ్, ఇది మొదటి యాంప్ చేసినవాళ్ళలో చాలామందికి ఎదురయ్యేదే, రెండు వైర్ల పని. ఆ 22 కె స్పీకర్ సిగ్నల్లో కొంచెం తీసుకొచ్చి 12ఏఎక్స్7 రెండో సగం కాథోడ్‌కి (వాల్వులో ఎలక్ట్రాన్లు బయల్దేరే చోటు) ఇస్తుంది, వచ్చేది ఎదురు తిరిగి వస్తే గొంతు శుభ్రపడుతుంది, అదే వైపు వస్తే తన్నుకు తన్ను కలిసి కేక. మీకు రెండోది జరుగుతోంది. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ వైర్లు రెండూ అటూ ఇటూ మార్చండి, 6వీ6 ప్లేటుకి (ఆ ఎలక్ట్రాన్లు చేరే రేకు) పోయేది పాజిటివ్ సప్లైకి, అక్కడిది ఇక్కడికి. చుట్టించిన ట్రాన్స్‌ఫార్మర్ కాబట్టి ఏది మొదలో ఏది చివరో రంగులుండవు, యాభై శాతం అదృష్టం. మార్చే ముందు కండెన్సర్లు ఖాళీ అయ్యాయో లేదో మీటర్‌తో చూడండి. తీసేసి వాడుకోవచ్చా అంటే వాడుకోవచ్చు, కొంచెం గట్టిగా, మోటుగా మోగుతుంది, కొందరికి అదే ఇష్టం. మీ తమ్ముడికి రెండూ వినిపించి అడగండి.

ప్ర: మాష్టారూ, నా యాంప్‌లో 6వీ6 లోపల ప్లేటు ఎర్రగా కాలుతోంది, ఫిలమెంట్ కాదు, చుట్టూ ఉండే బూడిద రంగు రేకు. కాథోడ్ దగ్గర కొలిస్తే 5 వోల్టులే ఉన్నాయి. కాథోడ్ కింద ఉండే 470 ఓమ్స్ రెసిస్టెన్స్ మీద 5 వోల్టులంటే 10 మిల్లీ ఆంపియర్లు, అది చాలా తక్కువ కదా, మరి ఎందుకు కాలుతోంది? కొత్త వాల్వు మార్చినా అంతే. వాల్వులు అమ్మినవాళ్ళు డూప్లికేట్ ఇచ్చారా?
— తెనాలి

జ: ఈ నెల వచ్చినవాటిల్లో నాకు బాగా నచ్చిన ప్రశ్న ఇది. ఎందుకంటే మీరు కొలిచి, లెక్క కట్టి మరీ అడిగారు, లెక్క తప్పు కాదు, లెక్కలో వేసిన అంకె తప్పు.

ప్లేటు ఎర్రబడిందంటే దాని మీద 12, 14 వాట్లు దాటి ఎంతో పడుతోందని, ఆ వాల్వు హద్దే అది. 10 మిల్లీ ఆంపియర్లతో 330 వోల్టుల మీద మూడు వాట్లే, మూడు వాట్లకి ఏ ప్లేటూ కాలదు. కాబట్టి కరెంటు 10 కానే కాదు. వోల్టులు మీటర్ చూపించింది, అది అబద్ధం ఆడదు. ఇక మిగిలింది ఆ 470. దాన్ని పగటి వెలుతురులోకి తెచ్చి రంగులు చదవండి. పసుపు, ఊదా, కాఫీ రంగు అయితే 470. పసుపు, ఊదా, నలుపు అయితే 47. ట్యూబ్‌లైటు కింద రాత్రి పదకొండింటికి కాఫీ రంగుకీ నలుపుకీ తేడా దేవుడికెరుక. 47 అయితే మీ 5 వోల్టులకి 106 మిల్లీ ఆంపియర్లు, 30 వాట్ల పైమాటే, ఇప్పుడు సరిపోయిందా ఎర్రబడటానికి?

470 పెట్టాక కాథోడ్ దగ్గర 18 నుంచి 20 వోల్టులు రావాలి, అంటే ఓ 40 మిల్లీ ఆంపియర్లు. ఒకవేళ రెసిస్టెన్స్ కరెక్టే ఉండి, కాథోడ్ వోల్టులు 20 కన్నా బాగా పైకి పోయి ప్లేటు కాలితే అది వేరే జబ్బు, 12ఏఎక్స్7 నుంచి 6వీ6 గ్రిడ్‌కి (సిగ్నల్ అందుకునే భాగానికి) వచ్చే 0.022 మైక్రో ఫారడ్ కండెన్సర్ కారుతోందని. గ్రిడ్ దగ్గర డీసీ సున్నా ఉండాలి, ప్లస్ కనిపిస్తే ఆ కండెన్సర్ మార్చండి. అంతే గానీ వాల్వులవాళ్ళని తిట్టకండి, పాపం. కొత్త వాల్వు కూడా అట్టా ఎంతసేపు కాలిందో నాకు తెలియదు గానీ నిమిషం లోపే అయితే బతికే ఉంటుంది.

రెసిస్టెన్సులు ప్రతిదీ బోర్డు మీద పెట్టే ముందు మీటర్‌తో కొలిచి పెట్టుకునే అలవాటు చేస్కోండి. రంగులు చదవడం వచ్చినవాళ్ళకే ఇట్టాంటివి ఎక్కువ జరుగుతాయి, రానివాడు కొలుస్తాడు.

ప్ర: బ్రదర్, నేను చర్చిలో గిటార్ వాయిస్తాను. సొంతంగా చేసిన యాంప్‌లో జుయ్ మని హమ్మింగ్ వస్తుంటే ఓ సౌండ్ సిస్టమ్ కుర్రాడు త్రీపిన్‌లో పెద్ద పిన్ను తీసేశాడు, హమ్మింగ్ ఆగిపోయింది. కానీ పాడటానికి మైక్ దగ్గరికి పోతే పెదవులకి చురుక్కుమంటోంది. ఇది ఏంటి?
— గుణదల

జ: బ్రదర్, అది ఎర్త్ పిన్ను. ఈ రాత్రికే మళ్ళీ పెట్టించండి, పెట్టించేదాకా ఆ యాంప్ వాడకండి. ఇది బతిమాలి చెప్తున్నాను.

జరుగుతోంది ఏంటంటే, మీ యాంప్ చాసిస్‌కి ఎర్త్ పోయింది కాబట్టి ట్రాన్స్‌ఫార్మర్ నుంచి కారే కాస్త కరెంటూ పోవడానికి దారి లేక తీగల మీద నిలబడింది. మైక్ మూతి ఇంకో వైపు మిక్సర్ ద్వారా ఎర్త్ అయి ఉంది. మీ చెయ్యి తీగల మీద, పెదవి మైక్ మీద, మధ్యలో దారి మీరే. ఇప్పుడు చురుక్కు. రేపు ట్రాన్స్‌ఫార్మర్లో ఇన్సులేషన్ పోయి ఫేజు చాసిస్‌కి తగిలిందనుకోండి, పిన్ను ఉంటే ఫ్యూజు ఎగిరిపోయేది, లేకపోతే మొత్తం 230 మీ గుండెల మీదుగా పోతుంది. ఫిబ్రవరిలో మేరీమాత తిరునాళ్ళకి వేసే పందిళ్ళలో, తడి నేల మీద వాయించేటప్పుడు ఇంకా ఘోరం.

మరి హమ్మింగ్ ఎందుకు ఆగింది అంటే, యాంప్ ఒక గోడ ప్లగ్గులో, మిక్సర్ ఇంకో గోడ ప్లగ్గులో ఉంటే ఎర్త్ రెండు దారుల్లో తిరిగి చక్రం అవుతుంది, ఆ చక్రంలో 50 సైకిల్స్ పాట పాడుతుంది. రెండిటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద పెట్టండి, సగం సార్లు అక్కడే పోతుంది. యాంప్ నుంచి మిక్సర్‌కి వైరు వేస్తుంటే మధ్యలో డీఐ బాక్సు (సిగ్నల్‌ని మిక్సర్‌కి సరిపడేలా మార్చే చిన్న పెట్టె) పెట్టి దాని మీద గ్రౌండ్ లిఫ్ట్ (ఆ సిగ్నల్ వైరులో ఎర్త్ తెంపే స్విచ్) నొక్కండి, ఎర్త్ పిన్ను జోలికి పోకుండా చక్రం తెగుతుంది. చర్చి మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్త్‌కి కారితే సప్లై ఆపేసే స్విచ్) ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌ని అడగండి, అసలు ఎర్త్ గుంతలోకి వైరు పోతోందో లేదో కూడా, మన పాత భవనాల్లో మూడో బొక్క అలంకారానికే ఉంటుంది చాలాచోట్ల.

మిక్సర్ ఏమీ లేకుండా ఒంటరిగా ఉన్నప్పుడు కూడా జుయ్ మంటే అది యాంప్ లోపలిదే. స్విచ్ ఆపి 12ఏఎక్స్7 ఊడదీసి మళ్ళీ ఆన్ చెయ్యండి. ఇంకా వస్తుంటే సప్లై కండెన్సర్లు చూడండి, అది కాస్త గరుకుగా 100 సైకిల్స్ మీద ఉంటుంది. ఆగిపోతే ముందు స్టేజీలో ఉంది, ఫిలమెంట్ వైర్లు రెండూ జడ అల్లినట్టు మెలిపెట్టారా లేదా, ఆ 6.3 వోల్టులకి మధ్య ట్యాప్ లేకపోతే రెండు 100 ఓమ్స్ రెసిస్టెన్సులతో మధ్య చేసి గ్రౌండ్ చేశారా లేదా చూస్కోండి. ఒక్క 6వీ6 ఉన్న యాంప్‌లో రవ్వంత హమ్ ఎట్టాగూ మిగులుతుంది, పాటలో వినపడదు.

ప్ర: ట్రాన్సిస్టర్ యాంప్ ఇంత చవగ్గా దొరుకుతుంటే ఈ తిప్పలన్నీ ఎందుకండీ?
— పేరు రాయలేదు

జ: మామూలుగా వాయిస్తే పెద్ద తేడా లేదండీ, ఒప్పుకుంటా. వాల్యూమ్ పెంచి గట్టిగా మీటినప్పుడు ట్రాన్సిస్టర్ది కత్తితో కోసినట్టు తెగుతుంది, వాల్వుది మెల్లగా వంగి బొంగురుపోతుంది, ఆ బొంగురు కోసం. ఇంక ఏ కంపెనీ వాల్వు అని అడిగినవాళ్ళందరికీ కూడా ఇక్కడే చెప్పేస్తా, స్లొవేకియా జేజే కంపెనీవి అయినా, రష్యావి అయినా, చైనావి అయినా, ఎవరింట్లోనో పాత బెంగళూరు బీఈఎల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) వాల్వు మంచిది దొరికినా, మొదటి యాంప్‌కి దేన్ని పెట్టినా మోగుతుంది. పెన్సిల్‌తో గాజు మీద తడితే స్పీకర్లో గంట మోగినట్టు వినపడే 12ఏఎక్స్7 మాత్రం వద్దు. మిగిలిన డబ్బులు ట్రాన్స్‌ఫార్మర్‌కి పెట్టండి. కండెన్సర్లు 105 డిగ్రీలవి కొనండి, 6వీ6కి ఆనించి పెట్టకండి, రోహిణి కార్తెలో మన గదుల్లో ఫ్యాను కింద మనమే ఉండలేం.

ప్ర: అన్నయ్యగారూ, మా అబ్బాయి ఇంటర్ అయిపోయి ఖాళీగా ఉన్నాడు. మీ పేజీ చూసి రాత్రిళ్ళు 300 వోల్టులు అంటూ ఏదో చేస్తున్నాడు. వద్దంటే వినడు. నాకు భయంగా ఉంది. ఇది ప్రమాదమా కాదా, ఉన్నది ఉన్నట్టు చెప్పండి.
— ఓ తల్లి, మంగళగిరి

జ: చెల్లెమ్మా, ప్రమాదమే. ప్లగ్గు పీకేసినా ప్రమాదమే, అది చాలామందికి తెలియదు. లోపల కండెన్సర్లు కుండలో నీళ్ళలాగా ఆ 300 వోల్టులూ పట్టుకుని కూర్చుంటాయి, కొన్నిసార్లు గంటలకొద్దీ. అంతమాత్రాన చెయ్యకూడదని కాదు, గ్యాస్ పొయ్యి కూడా ప్రమాదమే, రోజూ వండుతున్నాం.

వాడిని పిలిచి ఈ మాటలు అడగండి, నేను అడగమన్నానని చెప్పండి. మొదటి కండెన్సర్‌కి అడ్డంగా 220 కె, 2 వాట్ల రెసిస్టెన్స్ వేశావా అని. అది ఉంటే స్విచ్ ఆపిన అర నిమిషంలో ఛార్జీ అంతా కారిపోతుంది. స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి టప్ మని నిప్పులు రాలుస్తున్నాడా అని, అట్టా చేస్తుంటే మానమనండి, ఓ పది కె ఐదు వాట్ల రెసిస్టెన్స్‌కి ఇన్సులేషన్ ఉన్న క్లిప్పులు తగిలించి దాంతో ఖాళీ చెయ్యాలి. కరెంటు ఉండగా కొలవాల్సి వస్తే నల్ల వైరు చాసిస్‌కి క్లిప్పు వేసి, ఒక్క కుడి చెయ్యే వాడాలి, ఎడమ చెయ్యి జేబులో, కాళ్ళకి చెప్పులు. ఉంగరం, చేతి గొలుసు తీసెయ్యాలి. ఇంట్లో అందరూ పడుకున్నాక ఒంటరిగా మూత తెరిచి కరెంటు ఇవ్వకూడదు, పగలు మీరు వంటింట్లో ఉన్నప్పుడు చేసుకోమనండి, మెయిన్ స్విచ్ ఎక్కడుందో మీకూ తెలియాలి.

ఇంకొక పని మీరే చెయ్యచ్చు. వాడి మీటర్లో డీసీ వోల్టులు ఎక్కడ చూడాలో నేర్చుకోండి, రెండు నిమిషాల పని. సోల్డరింగ్ మొదలెట్టే ముందు ఆ పెద్ద కండెన్సర్ మీద మీటర్ పెట్టి సున్నా చూపించమనండి. చూపిస్తేనే టిఫిన్.